రాకముందే నిరాశపరిచే ధారావాహికలు

టెలివిజన్ ధారావాహికను ప్రసారమైన తరువాత విమర్శించడం అందరికీ తెలిసిన పని. ప్రసారం కాకముందే విమర్శించడం న్యాయమా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. పుస్తకం విషయంలో ఈ ప్రశ్న పుట్టదు. అచ్చుకాని పుస్తకం గురించి మాట్లాడడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ధారావాహిక సంగతి వేరు. అది రావడానికి రెండు మూడేళ్ల ముందే ప్రకటన వస్తుంది. ఆ వెనుక నటీనటుల పేర్లు, ఒక బొమ్మ, ఒక నిమిషం ప్రోమో, రెండు నిమిషాల ట్రైలరు వస్తాయి. ఈ సరంజామా అంతా చేరేసరికి ప్రేక్షకుడి మనసులో ఒక ధారావాహిక అప్పటికే నడిచిపోయి ఉంటుంది. తెరమీదికి వచ్చేది దానితో పోటీ పడవలసి వస్తుంది. కనుక ప్రకటన కూడా ఒక రచనే. దానిని చదవవచ్చు, పరిశీలించవచ్చు, తప్పులెన్నవచ్చు.

ప్రకటనలో ఏముందో చూడడం కంటే ఏమి లేదో చూడడం మేలని నా అభిప్రాయం. నిర్మాణ సంస్థ పేరు ఉంటుంది, నాయకుడి పేరు ఉంటుంది, ఏ పాత విజయానికి ఇది వారసత్వమో ఉంటుంది. సంభాషణలు ఎవరు రాస్తున్నారో చాలాసార్లు ఉండదు. పాత్రలు ఏ ఊరివాళ్లో, ఎలా మాట్లాడతారో అసలే ఉండదు. భాషాశాస్త్రం చదువుకున్నవాడిని కనుక నా చూపు అక్కడికే పోతుందని మీరనవచ్చు, నిజమే. అయినా గడచిన కొన్నేళ్లలో తెలుగువారు ఎదురుచూసి నిరాశపడిన ధారావాహికలను వరుసగా చూస్తే, ఆ లోపం ప్రకటననాడే కనబడుతోందని చెప్పడానికి ఆధారాలు దొరుకుతాయి.

అసలు రాకుండానే పోయినదానితో మొదలుపెడతాను. ‘బాహుబలి’ చిత్రాలకు పూర్వకథగా ఒక ధారావాహిక తీస్తున్నట్లు 2018 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. ఆనంద్ నీలకంఠన్ 2017లో ఇంగ్లీషులో రాసిన శివగామి నవల దానికి ఆధారం. దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులన్నారు. చిత్రీకరణ జరిగింది. జరిగినది నచ్చక పక్కన పెట్టారు. వేరే దర్శకులతో, వేరే నటితో మళ్లీ మొదలుపెట్టి, చివరికి దానినీ మానుకున్నారు. 2024 మే నెలలో హాట్‌స్టార్‌లో వచ్చిన ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ బొమ్మల ధారావాహిక వేరే ప్రయత్నం. ఇంత ఖర్చూ శ్రమా ఎందుకు వృథా అయ్యాయో లోపలివారికే తెలియాలి. బయటినుంచి చూసేవారికి మాత్రం ఒకటి స్పష్టం. మాహిష్మతి అనేది రెండున్నర గంటల సినిమాకు సరిపడా కట్టిన ఊరు. అక్కడ సింహాసనం ఉంది, సైన్యం ఉంది, జలపాతం ఉంది. కూరగాయలమ్మే మనిషి లేదు. ధారావాహికకు కావలసింది ఆ మనిషి. గంటల తరబడి సాగే కథలో శివగామి ఎవరితోనో మామూలుగా మాట్లాడాలి, ఆ మామూలు మాట మాహిష్మతిలో ఎవరూ తయారుచేయలేదు. విచిత్రమేమిటంటే, కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి అనే భాషను కల్పించి, దానికి వందలకొద్దీ మాటలూ వ్యాకరణమూ సమకూర్చాడు. శత్రువుకు దొరికిన భాషాభాగ్యం రాజ్యానికి దొరకలేదు.

‘అమృతం ద్వితీయం’ కథ ఇంతకంటే ఆలోచింపదగినది. జెమిని టీవీలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుల్లో వచ్చిన ‘అమృతం’ మీలో చాలామంది పుట్టకముందు మొదలైంది. అయినా మీలో దానిని చూడనివారు తక్కువ, ఎందుకంటే తరువాత యూట్యూబులో అది రెండో జన్మ ఎత్తింది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ హాస్య ధారావాహికలో జరిగేదల్లా ఒక చిన్న టిఫిన్ హోటలు, ఇద్దరు స్నేహితులు, వారి భార్యలు, పనివాడు సర్వం, ఇంటి యజమాని అప్పాజీ. అద్దె కట్టాలి, ఇడ్లీలు అమ్ముడుపోవాలి. ఈ రెండూ సవ్యంగా జరగకపోవడమే ఆరేళ్ల కథ.

దీనికి కొనసాగింపు వస్తోందన్నప్పుడు సంతోషించినవాళ్లు ఒక విషయం మరిచారు. అంతకుముందే 2014లో ‘చందమామలో అమృతం’ అనే సినిమా వచ్చి, ఈ పాత్రలను చంద్రుడి మీదికి తీసుకెళ్లి, అక్కడ హోటలు పెట్టించి, జనాన్ని నవ్వించలేకపోయింది. చంద్రుడి మీద అద్దె అడిగేవాడు లేడు, సందు చివర పోటీ హోటలు లేదు. ఇరుకులో పుట్టిన హాస్యాన్ని విశాలం చేస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. ఆ పాఠం ఉండగానే, 2020 మార్చి 25న, ఉగాదినాడు, జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. జనానికి నవ్వు అంతగా అవసరమైన రోజు మరొకటి ఉండదు. అయినా పాతదానికి దక్కిన ఆదరణ దీనికి దక్కలేదు.

కారణం నటుల మార్పు అని తేల్చేవారున్నారు. ఆంజనేయులు పాత్రధారి గుండు హనుమంతరావు 2018లో మరణించారు, ఆ పాత్ర ఎల్.బి. శ్రీరామ్‌కు వచ్చింది. ఈ వివరణ నాకు చాలదు. ఎందుకంటే పాత ‘అమృతం’లోనే ప్రధాన పాత్ర చేతులు మారింది. శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ అమృతరావులయ్యారు. ప్రేక్షకులు ఆ మార్పును జీర్ణించుకున్నారు. మరి ఆంజనేయులు మారితే ఎందుకు జీర్ణం కాలేదు? వారానికొకసారి చూసే రోజుల్లో ముఖం, గొంతు జ్ఞాపకంలో పూర్తిగా గట్టిపడవు. ఆరు రోజుల ఎడం ఉంది, చూడలేకపోయిన భాగం మళ్లీ దొరకదు. పాత్ర ఉండేది సందర్భంలోనూ మాటతీరులోనూ. యూట్యూబు వచ్చాక అదే భాగాన్ని పదిసార్లు చూశాం. భోజనం చేస్తూ చూశాం, నిద్ర పట్టక చూశాం. ఆ పునశ్చరణతో ఆంజనేయులు అంటే ఒక నిర్దిష్టమైన బెజవాడ గొంతు, ఒక నిర్దిష్టమైన విరామం అయిపోయాయి. శ్రీరామ్ స్వయంగా రచయిత, గోదావరి యాసకు తెరమీద ఒక గౌరవం తెచ్చిన నటుడు. ఆయన లోపం ఇందులో ఏమీ లేదు. ఎంత బాగా చేసినా ఆయన మాట్లాడితే కోనసీమ పలుకుతుంది. అమృతం ‘ఒరేయ్’ అని పిలిచినప్పుడు పలికేది మరో ఆంజనేయులు.

కనుక పాత పేరుతో కొత్త భాగం వస్తోందని విన్నప్పుడు నేను మొదట అడిగేది, పాతదానిని జనం ఎన్నిసార్లు చూశారు అని. ఒక్కసారి చూసి ప్రేమించినదానికి కొనసాగింపు బతకవచ్చు. వందసార్లు చూసినదానికి కొనసాగింపు రాయడం, తద్దినం భోజనంలో కొత్త వంటకం వడ్డించడం వంటిది. ఎవరూ వద్దనరు, తినరు.

మహారాష్ట్రలోని మన విద్యార్థులకు ‘రానా నాయుడు’ మరింత దగ్గరి విషయం కావలసింది. 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ ధారావాహికకు మూలం ‘రే డొనొవన్’ అనే అమెరికన్ ధారావాహిక. అందులో దక్షిణ బోస్టన్‌కు చెందిన ఐరిష్ క్యాథలిక్ కుటుంబం లాస్ ఏంజెలిస్‌లో ఉంటుంది. సినిమా తారల అల్లరిని సర్దిపెట్టడం కొడుకుల్లో ఒకడైన రే వృత్తి. భారతీయ రూపంలో హైదరాబాదు నాయుళ్ల కుటుంబం ముంబయిలో ఉంటుంది. వెంకటేశ్ తండ్రి, రానా కొడుకు. నిజజీవితంలో బాబాయి అబ్బాయిలు తెరమీద తండ్రీకొడుకులుగా కొట్టుకుంటారన్న కుతూహలమే ప్రకటనకు ప్రాణం.

వచ్చాక తెలుగిళ్లలో వినిపించిన ఫిర్యాదు బూతుల గురించి. కుటుంబకథా నాయకుడిగా ముప్పై అయిదేళ్లకు పైగా పేరున్న వెంకటేశ్ నోట ఆ మాటలు వినలేకపోయామన్నారు. 2025 జూన్‌లో వచ్చిన రెండో భాగంలో వాటిని తగ్గించారు. నా ఫిర్యాదు బూతుల మీద కాదు. బూతు కూడా భాషే. ఎవరు ఎవరితో ఎప్పుడు ఏ మాట అనవచ్చో నిర్ణయించే నియమాలు దానికీ ఉన్నాయి. నా ఫిర్యాదు వేరు. మూలంలో డొనొవన్‌ల బోస్టన్ యాస లాస్ ఏంజెలిస్ మెరుగుల నడుమ వాళ్లను పరాయివాళ్లుగా పట్టిస్తుంది. ఎంత డబ్బు గడించినా నోరు విప్పితే పుట్టిన పేట బయటపడుతుంది. హిందీలో తీసిన మన ధారావాహికలో ఈ పనిని హైదరాబాదు దక్కనీ కొంతవరకు చేసింది. నాగానాయుడు మాట్లాడితే ముంబయి హిందీ కాదని తెలుస్తుంది. కాని తెలుగు అనువాదంలో ముంబయివాళ్లూ తెలుగే మాట్లాడాలి కదా! నాయుళ్లూ తెలుగు, పోలీసూ తెలుగు, సినిమా తారా తెలుగు. పరాయి ఊళ్లో తెలుగువాడు అన్న మూలసూత్రం తెలుగులోనే మాయమైపోయింది. తెలుగువారి పేరుతో, తెలుగు నటులతో తీసిన కథలో తెలుగు వినేవాడికే తక్కువ దక్కింది.

ముంబయిలో తెలుగువాడంటే ఎవరో మనకు తెలియనిది కాదు. కామాఠిపుర అన్న పేరే అక్కడికి కూలిపనులకు వెళ్లిన తెలుగు కామాఠీలనుంచి వచ్చింది. భివండీ మరమగ్గాల దగ్గర, షోలాపురం దుప్పట్ల ఖార్ఖానాలలో పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మరాఠీ బడి, హిందీ బజారు, ఇంట్లో పాత తెలంగాణ తెలుగు. ‘వచ్చిండు’, ‘పోయిండు’ అంటూనే నడుమ మరాఠీ మాటను తెలుగు ప్రత్యయంతో అతికించే నేర్పు వారిది. నాయుడు కుటుంబాన్ని ముంబయికి పంపినవారు అటు తొంగిచూడలేదు. ప్రకటననాడే ఇది ఊహించదగినది. ఊరి పేరు చెప్పారు కాని, ఆ ఊళ్లో మనవాళ్లు ఏ పేటవాళ్లో చెప్పలేదు.

పరాయి కథను తెచ్చుకోవడమే తప్పని నా వాదం కాదు. హిందీ ‘పంచాయత్’ 2020లో వచ్చింది. దానిని 2024లో తమిళంలో ‘తలైవెట్టియాన్ పాళయం’గా, 2025 జనవరిలో తెలుగులో ‘సివరపల్లి’గా మళ్లీ తీశారు. తమిళనాడు విద్యార్థులకు మూడింటినీ పోల్చే అవకాశం ఉంది, వదులుకోకండి. ‘సివరపల్లి’ వస్తోందన్నప్పుడు నిరాశ తప్పదనుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. సగం నిరాశే మిగిలింది. సన్నివేశాల క్రమం చాలావరకు మూలాన్నే అనుసరించింది, ‘పంచాయత్’ చూసినవారికి తరువాతి మలుపు ముందే తెలిసిపోతుంది. కాని మాట తెలంగాణ పల్లె మాట. అది హాస్యగాడికి మాత్రమే అతికించిన యాస కాదు. ఊరి పెద్ద, ఆయన భార్య, కార్యాలయం గుమస్తా అందరూ అదే మాట్లాడతారు. ఒకే ఊరి మాటలో వయసును బట్టి, హోదాను బట్టి వచ్చే తేడాలు వినిపిస్తాయి. కథ అరువుదే, నోరు మాత్రం సొంతం. అంతకుముందు ఏడాది, 2024 జనవరిలో, ఈటీవీ విన్‌లో పెద్ద ఆర్భాటం లేకుండా వచ్చిన ‘90స్’ కథా నోరూ రెండూ సొంతమైనది. ఒక లెక్కల మాస్టారి ఇంటి కథ అది. మార్కులు, ఉప్మా, కేబుల్ కనెక్షను తప్ప వేరే సంఘటన లేదు. ఎవరూ ఎదురుచూడలేదు కనుక ఎవరూ నిరాశపడలేదని కొట్టిపారేయవచ్చు. అది పూర్తి సమాధానం కాదు. దాని సంభాషణలు చదువుకోదగినవి.

ఇక మీ తరం కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూసిన ‘హ్యారీ పాటర్’ సంగతి. హెచ్.బి.ఓ. దీనిని 2023 ఏప్రిల్‌లో ప్రకటించింది. ప్రధాన పాత్రలకు ముగ్గురు కొత్త పిల్లలను 2025 మేలో ఎంపిక చేశారు, జూలైలో చిత్రీకరణ మొదలైంది, 2027లో ప్రసారమని అప్పుడు చెప్పారు. 2001 నుంచి 2011 వరకు ఎనిమిది సినిమాలుగా వచ్చిన కథను, నవలకు మరింత విధేయంగా, ఏళ్ల తరబడి చెబుతామన్నది వాగ్దానం. ‘అమృతం’ విషయంలో చెప్పిన సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ఆ సినిమాలను వందసార్లు చూసినవారికి ఆ ముగ్గురు పాత పిల్లల ముఖాలు నవలలోని ముఖాలకంటే బలమైనవి. నవలకు విధేయత అన్న మాట కూడా ప్రమాదకరం. సినిమా వదిలేసిన ప్రతి ఉపకథా తమకు తిరిగి వస్తుందని పాఠకుడు లెక్క రాసుకుంటాడు. పైగా ఏళ్ల తరబడి తీసే కథలో పదకొండేళ్ల పిల్లలు పదకొండేళ్ల దగ్గర ఆగరు. ఇవన్నీ ఏ భాషలో చూసేవారికైనా ఉన్న చిక్కులే.

తెలుగులో దీనిని అనువదించేవారికి మరో పరీక్ష ఉంది, నాకు ఆసక్తి దానిమీదే. హ్యారీని మెట్లకింది గూటిలో పడుకోబెట్టే పెటునియాను ఇంగ్లీషులో ‘ఆంట్’ అంటారు. ఆమె భర్త తోబుట్టువు మార్జ్‌ను కూడా ‘ఆంట్’ అనే అంటారు. తెలుగులో ఈ రెండూ ఒకటి కావు. పెటునియా హ్యారీ తల్లికి అక్క, అంటే పెద్దమ్మ. వెర్నన్ పెదనాన్న. మార్జ్ అత్త వరస. ఇంగ్లీషులో ‘కజిన్’ అయిన డడ్లీ 1980 జూన్‌లో పుట్టాడు, హ్యారీ జూలై చివర పుట్టాడు. నెల రోజుల పెద్దరికంతో డడ్లీ తెలుగులో అన్న అవుతాడు. తల్లి అక్కచెల్లెళ్ల బిడ్డలు తోబుట్టువులే అని మన బంధుపదాల వ్యవస్థ గట్టిగా చెబుతుంది. తల్లిలేని పిల్లవాణ్ణి గూట్లో పెట్టింది పెద్దమ్మ! ఆ పిలుపులోనే అమ్మ ఉంది. మూలంలో లేని ఒక కోత తెలుగులో దానంతట అదే వస్తుంది, అనువాదకుడు కాదనుకుంటే తప్ప. ‘ఆంటీ’, ‘కజిన్’ అని వదిలేస్తే ఆమె పక్కింటావిడ స్థాయికి దిగిపోతుంది. నువ్వు, మీరు సంగతి సరేసరి. ఇంగ్లీషులోని ఒక్క సర్వనామాన్ని మొదటి భాగంలోనే రెండుగా చీల్చాలి, చీల్చినది చివరి భాగం దాకా నిలబడాలి. హ్యారీ స్నేప్‌ను ఎదురుగా ‘మీరు’ అంటాడు, వెనక ‘వాడు’ అంటాడా? కోపం పెరిగిన ఏడాదిలో ఎదురుగానే ‘నువ్వు’కు దిగుతాడా? తెలుగు ట్రైలరు మీ ముందుకు వస్తే నేను వినేవి ఇవే: పెద్దమ్మను ఏమన్నారు, మాస్టారిని ఏమన్నారు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇదంతా వినోదం గురించిన చాదస్తం అనిపించవచ్చు. రాజమండ్రిలోనో వరంగల్లులోనో పుట్టినవారికి అలా అనుకునే వీలుంది. వాళ్లకు తెలుగు వీధిలో ఉంది, బస్సు మీద ఉంది, బడిలో ఉంది. తెర చెడగొట్టినా వీధి బాగుచేస్తుంది. మీకు ఇల్లు దాటితే కన్నడమో తమిళమో ఒడియానో. ఇంటి తెలుగుకు బయట దొరికే సాక్ష్యం టెలివిజను ఒక్కటే. హోసూరు వైపునుంచి వచ్చిన ఒక విద్యార్థిని పరీక్ష కాగితంలో ‘చెప్పినాడు’ అని రాసి, కొట్టివేసి, పైన ‘చెప్పాడు’ అని దిద్దడం చూశాను. ఎందుకు దిద్దావమ్మా అంటే, సీరియల్లో అలా అనరు కదండీ అంది. ‘చెప్పినాడు’ పాతరూపం. అందులోని భూతకాల చిహ్నం ‘ఇన’ ఆమె ఇంట్లో చెక్కుచెదరకుండా ఉంది. కోస్తా మాటలో అది అరిగిపోయి ‘చెప్పాడు’ అయింది. తన దగ్గరున్న నాణెం పాతదని సిగ్గుపడి, అరిగిన నాణేన్ని తెచ్చుకుంది ఆ పిల్ల. బరంపురం కుర్రవాడు ‘ఏటి’ అనడం మానేసింది కూడా ఇలాగే. యానాంవారికి ఈ బాధ తక్కువ, వాళ్ల గోదావరి మాటను సినిమావాళ్లు ఇష్టంగానే వాడుకుంటారు, ఎక్కువగా నవ్వించడానికే అయినా.

సంభాషణల రచయితలకు సామగ్రి లేక ఇలా జరుగుతోందా అంటే, కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. ఏ జిల్లాలో నాగలి భాగాన్ని ఏమంటారో అందులో చూసుకోవచ్చు. కథలకూ కొరత లేదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగు ఇంటివాడు, తమిళంలో రాశాడు. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవలలో, ఉత్తరాన తమ ఊరు వదిలి రాత్రికి రాత్రి దక్షిణానికి నడిచి వచ్చిన తెలుగు కుటుంబాల కథ చెప్పాడు. దాని కొనసాగింపుకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అడవి నరికి ఊరు కట్టుకోవడం, దొంగలు, కరువులు, వందేళ్లు దాటిన ముసలవ్వ చెప్పే వలస జ్ఞాపకం, కుంపిణీ రోజులు అన్నీ అందులో ఉన్నాయి. ఏ సంస్థ అయినా దానిని ధారావాహికగా ప్రకటిస్తే, తారల పేర్లు తరువాత చూస్తాను. ఆ ముసలవ్వ తాను విడిచి వచ్చిన ఊరి తెలుగు మాట్లాడుతుందా, చేరుకున్న ఊరి తెలుగు మాట్లాడుతుందా, మనవలతో ఏ మాట దగ్గర తమిళంలోకి జారుతుంది అన్నది రాసిన మనిషి పేరు ప్రకటనలో ఉందో లేదో ముందు చూస్తాను.